అటక మీది సిగ్నల్ జనరేటరు



కిందటి దీపావళికి ముందు అటక దులిపినప్పుడు మా ఇంట్లో చిన్న తగువు వచ్చింది. ఆ తగువు ఒక ఇనప్పెట్టె గురించి. బూడిదరంగు పెట్టె, ఇద్దరు పట్టుకుంటే గాని కిందికి దిగదు. ముఖాన రెండు పెద్ద అంకెల చక్రాలు, ఒక మీటరు, అయిదారు గుబ్బలు. మా మామయ్యగారు ఉద్యోగం చేసే రోజుల్లో ప్రయోగశాల పాత సామాను వేలం వేస్తే పాడుకుని ఆటోలో వేసుకొచ్చారట. మా అత్తయ్యగారు ఉన్నన్నాళ్ళూ దాన్ని "మీ మామయ్య రెండో సంసారం" అనేవారు. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. పెట్టె మాత్రం పండగ పండగకీ దిగి, దుమ్ము దులిపించుకుని, మళ్ళీ ఎక్కి కూర్చుంటోంది.

ఈసారి నేను గట్టిపట్టు పట్టాను. పాత సామాన్ల అబ్బాయిని పిలిచి బేరం కూడా ఆడేశాను. కిలో నలభై రూపాయలన్నాడు. లోపల ఇత్తడి ఉంటే దానికి వేరే ధర. మామయ్యగారు పడక్కుర్చీలో కూర్చుని ఏమీ అనలేదు. ఆయనకి ఎనభై రెండేళ్ళు, మాట తక్కువ. మా అమ్మాయి ఇంజనీరింగులో ఎలక్ట్రానిక్స్ మూడో సంవత్సరం. అదే అడ్డుపడింది. "అమ్మా, ఆగు. ఇందులో క్లిస్ట్రాన్ ఉంటుంది. మా ల్యాబులో దాని మీద ప్రయోగం ఉంది. పరీక్షకి బట్టీ పట్టాను గాని, అది దేనికో నాకింతవరకూ తెలీదు" అంది.

ఆ మాట విని మామయ్యగారు లేచి వచ్చారు. "తెలీకుండా అమ్మకండమ్మా. తెలుసుకున్నాక అమ్మేయండి, నేను కాదనను" అన్నారు. మూడు సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పారు. మెట్రిక్యులేషన్ చదివిన నాకు అర్థమైంది కాబట్టి మీకూ అర్థమవుతుందనే ధైర్యంతో చెబుతున్నాను.

మా కాలనీలో ఇలాంటి పెట్టెలు ఒకటి రెండిళ్ళలో కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. ఏ.ఎస్. రావు నగర్ అన్న పేరే ఒక ఎలక్ట్రానిక్స్ శాస్త్రవేత్తది. అయ్యగారి సాంబశివరావుగారు పశ్చిమ గోదావరి జిల్లావారు. బెనారస్‌లో చదువుకుని, 1940లలో అమెరికా వెళ్ళి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. తిరిగొచ్చి భాభాగారి దగ్గర అణుశక్తి సంస్థలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని నడిపారు. 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. పెట్టినప్పుడు దానికి సారథి ఆయనే. 1972లో పద్మభూషణ్ ఇచ్చారు. 2003లో కాలం చేశారు. ఆ సంస్థను ఆనుకుని ఉద్యోగులు ఇళ్ళు కట్టుకున్న కాలనీకి ఆయన పేరు పెట్టుకున్నారు. మనం కూరలకీ, చీరలకీ తిరిగే రాధిక చౌరస్తా, ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తాల వెనక ఇంత కథ ఉంది.

ఇందులో నాకు ముచ్చటేసిన సంగతి ఇంకొకటి. మా పెట్టె లోపల ఉన్న క్లిస్ట్రాన్ అనే గొట్టం పుట్టిందీ ఆ స్టాన్‌ఫర్డ్‌లోనే, 1937లో. రసెల్ వేరియన్, సిగుర్డ్ వేరియన్ అని ఇద్దరు అన్నదమ్ములు తయారుచేశారు. తమ్ముడు విమానం నడిపేవాడు. చీకట్లోనూ మబ్బులోనూ వచ్చే విమానాన్ని కనిపెట్టాలన్నది వాళ్ళ తపన. ఆ విశ్వవిద్యాలయంలోనే చదువుకున్న హ్యూలెట్, పాకార్డ్ అనే స్నేహితులిద్దరు పక్క ఊళ్ళో కారు షెడ్డులో 1939లో కంపెనీ పెట్టారు. వాళ్ళ మొదటి సరుకు శబ్దాల శ్రుతి పెట్టె. సినిమా బొమ్మల డిస్నీగారి కంపెనీ ఎనిమిది కొన్నదట. 1940ల చివర మైక్రోవేవ్ శ్రుతి పెట్టెలు చేయడం మొదలుపెట్టారు. మా అటక మీదిది ఆ వరసలోని 616.

ఇప్పుడు అసలు సంగతి. మైక్రోవేవ్ అనగానే మనకి వంటింట్లో పాలు కాచుకునే పెట్టె గుర్తొస్తుంది. తరంగం ఆ జాతిదే. రేడియో తరంగాలలో బాగా పొట్టివాటిని మైక్రోవేవులంటారు. మా పెట్టె చక్రం మీద 1.8 నుంచి 4.2 దాకా అంకెలున్నాయి. అంటే సెకనుకి 180 కోట్ల సార్లు మొదలు 420 కోట్ల సార్ల దాకా ఊగే తరంగాలు. ఒక్కొక్క తరంగం పొడవు జానెడు కంటె కాస్త తక్కువ నుంచి నాలుగు వేళ్ళ వెడల్పు దాకా. వంటింటి పెట్టెది 2.45. చేతిలో ఫోను, ఇంట్లో వైఫై, ఇప్పటి 5జి, అన్నీ ఇంచుమించు ఈ మధ్యనే ఉన్నాయి. ఈ పొట్టి తరంగాలతో మొదట ఆడుకున్నవారిలో మన జగదీశ్ చంద్ర బోసుగారొకరు. 1895లో కలకత్తాలో ఇంకా పొట్టివాటిని పుట్టించి, దూరాన ఉన్న గంట మోగించి, తుపాకిమందు అంటించి చూపించారు.

అయితే వంటింటి పెట్టెకీ దీనికీ బలంలో పోలికే లేదు. అది ఏడెనిమిది వందల నుంచి వెయ్యి వాట్ల దాకా ఇస్తుంది. ఇది ఇచ్చేది మహా అయితే ఒక మిల్లీవాటు. పది లక్షల రెట్లు తక్కువ. "మరి ఇంత పెట్టె ఎందుకు మామయ్యగారూ, ఇంత చిన్న పనికి?" అని అడిగాను.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బాలోంచి సోల తెచ్చి నా ముందు పెట్టారు. "డబ్బాలో ఎన్ని బియ్యమున్నాయో దేంతో చెబుతావమ్మా?" అన్నారు.

సోలతో కొలిచి చెబుతాను. సోలలో ఎన్ని పడతాయో ముందే తెలుసు కాబట్టి. సిగ్నల్ జనరేటరు అంతే. రేడియో, టీవీ, రాడారు, ఉపగ్రహం నుంచి వచ్చేది వినే యంత్రం, వీటన్నిటికీ చెవి ఉంటుంది. ఆ చెవి ఎంత సన్నటి ధ్వని వినగలదో తెలియాలంటే, ఇంత అని మనకి ముందే కచ్చితంగా తెలిసిన సన్నటి ధ్వని వినిపించాలి. గాలిలోంచి వచ్చే సిగ్నలు ఈ పూట ఒకలా, రేపు ఒకలా ఉంటుంది. దాన్ని నమ్ముకుని యంత్రం బాగుందనీ చెప్పలేం, పాడైందనీ చెప్పలేం. అందుకని ప్రయోగశాలలో ఈ పెట్టెని పెట్టుకుని, తీగతో యంత్రానికి కలిపి, "ఇదిగో ఇంత ఇస్తున్నాను, వినిపించిందా? ఇందులో పదో వంతు ఇస్తున్నాను, ఇప్పుడు?" అని అడుగుతూ పోతారన్నమాట. మనం పిల్లల చెవి దగ్గర గడియారం పెట్టి, మెల్లిగా దూరం జరిపి చూస్తామే, అలాగ.

ఒక ఉదాహరణ. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఏడాదిపాటు మన దేశంలో ఉపగ్రహ టీవీ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాలలో 2400 పల్లెలకి అమెరికావారి ఉపగ్రహం నుంచి నేరుగా బొమ్మ వచ్చింది. కోళ్ళ గూటికి కట్టే జాలీతో చేసిన మూడు మీటర్ల గొడుగుల్లాంటి యాంటెన్నాలు, వాటి కింద ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసిన టీవీలు. ఉపగ్రహం ఉన్నది 36 వేల కిలోమీటర్ల ఎత్తున. అక్కణ్ణుంచి వచ్చేసరికి సిగ్నలు ఎంత చిక్కిపోతుందో ఊహించండి. దారీ తెన్నూ లేని పల్లెకి సెట్టు పంపించాక బొమ్మ రాకపోతే మళ్ళీ బాగుచేసే దిక్కేది? పంపించే ముందే, ఇక్కడ బల్ల మీద పెట్టి, ఉపగ్రహమంత సన్నటి సిగ్నలే ఇచ్చి చూసుకోవాలి. ఇలాంటి పనికే సిగ్నల్ జనరేటరు. ఆ టీవీలది 860 మెగాహెర్ట్జ్ కాబట్టి మా 616కి అందదు. దానికి ఈ వరసలోనే 612 అని తమ్ముడొకడున్నాడు.

ఇక లోపలి సంగతి. ఇది నాకు అన్నిటికంటె నచ్చింది.

పొట్టి తరంగాన్ని పుట్టించడం తేలిక కాదు. మామూలు రేడియో గొట్టంలో ఎలక్ట్రాన్లు ఈ చివరి నుంచి ఆ చివరికి పోయేలోపే తరంగం అటూ ఇటూ ఊగేస్తుంది. అంతా తారుమారు. వేరియన్ సోదరులు చేసిన తెలివైన పని, ఆ ప్రయాణానికి పట్టే కాలాన్నే వాడుకోవడం. మా పెట్టెలోది రిఫ్లెక్స్ క్లిస్ట్రాన్. వేడెక్కిన మొన నుంచి ఎలక్ట్రాన్లు బయల్దేరి, ఒక డొల్ల అరకున్న సందులోంచి దూకుతాయి. ఆ సందులో తరంగం అప్పటికే కొద్దిగా ఊగుతూ ఉంటుంది. ఊగు ముందుకున్నప్పుడు వచ్చినవి జోరందుకుంటాయి, వెనక్కున్నప్పుడు వచ్చినవి నెమ్మదిస్తాయి. ఎదురుగా ఒక ఋణ విద్యుత్తు పలక వాటిని వెనక్కి తోసేస్తుంది.

ఇక్కడ మామయ్యగారు నిమ్మకాయలు తెప్పించారు. ఒకటి ఎత్తుకి ఎగరేశారు, వెంటనే రెండోది కాస్త తక్కువ ఎత్తుకి, మూడోది ఇంకా తక్కువకి. ఎక్కువ ఎత్తు పోయింది ఆలస్యంగా దిగుతుంది, తక్కువ పోయింది తొందరగా దిగుతుంది. కాబట్టి వేరువేరు వేళల్లో బయల్దేరినవి మూడూ ఒక్కసారే చేతిలో పడతాయి. ఆయన చేతిలో రెండే పడ్డాయి, మూడోది మంచం కిందికి పోయింది. కాని నాకు తెలిసింది. ఎలక్ట్రాన్లు కూడా అలాగే గుంపుగా తిరిగొచ్చి ఆ సందులోకి పడతాయి. సరైన క్షణంలో గుంపు వచ్చి తోస్తే ఊగు పెరుగుతుంది. ఉయ్యాల ఊపేటప్పుడు బిడ్డ వెనక్కి వచ్చి తిరిగే క్షణంలో ఒక చిన్న తోపు చాలదూ? వేళ తప్పి తోస్తే ఉయ్యాల ఆగిపోతుంది. పలక మీది వోల్టేజి మారిస్తే గుంపు తిరిగొచ్చే వేళ మారుతుంది. అందుకే ల్యాబులో మా అమ్మాయి ఆ వోల్టేజి తిప్పుతూ ఉంటే సిగ్నలు కొంతసేపు వచ్చి, పోయి, మళ్ళీ వచ్చేది. ఆ గుట్టల బొమ్మని రికార్డు పుస్తకంలో నాలుగుసార్లు గీసింది. ఎందుకలా వస్తుందో నిమ్మకాయలతో తెలిసింది.

తరంగం ఎంత పొట్టిదిగా ఉండాలో తేల్చేది ఆ డొల్ల అర. కుళాయి కింద బిందె పెట్టి లోపలికి పోయి కూర వేయించుకుంటూ ఉంటాం. నిండబోతోందని ఎలా తెలుస్తుంది? సవ్వడి సన్నబడుతుంది. లోపల ఖాళీ తగ్గే కొద్దీ శ్రుతి పెరుగుతుంది. ఈ అరలోనూ అంతే. గుబ్బ తిప్పితే లోపల ఒక ముడుపు ముందుకి జరిగి ఖాళీ తగ్గిస్తుంది, తరంగం పొట్టిదవుతుంది. అర మారినప్పుడల్లా ఉయ్యాల తోపు వేళ కూడా మారాలి కదా. అందుకని ఒక్క గుబ్బతోనే అరా, వోల్టేజీ రెండూ కలిసి కదిలేట్టు కట్టారు. దాని కోసం ఎన్ని పళ్ళచక్రాలు పెట్టారో చూస్తే గోడగడియారం చేసేవాడు కూడా దణ్ణం పెడతాడు.

ఇలాంటి అరల గోడలకి ఇత్తడి మీద వెండి పూత పూస్తారు. "అంతా వెండితోనే చేయొచ్చుగా, పూత ఎందుకు?" అంటే, ఇంత వేగంగా ఊగే విద్యుత్తు లోహం లోపలికి దిగదట. పైపైన, మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటె కాస్త ఎక్కువ మందంలోనే పరుగెడుతుందట. కళాయి పూసిన ఇత్తడి గిన్నెలో చారుకి తగిలేది కళాయే గాని ఇత్తడి కాదు కదా. పాత సామాన్ల అబ్బాయి "లోపల ఇత్తడి" అని ఆశపడ్డది దీనికే.

పెట్టె ఇంత బరువెందుకో చెప్పనేలేదు. లోపల పుట్టేది ఒక మిల్లీవాటు అనుకుందాం. బయటికి ఇవ్వవలసింది అందులో లక్ష కోట్లవ వంతు కావచ్చు. ఇంగువ డబ్బా అనుభవం మనకి లేనిది కాదు. మూత ఎంత బిగించినా పక్కనున్న కాఫీ పొడికి వాసన పడుతుంది. పెట్టె సందుల్లోంచి తరంగం ఏ కాస్త కారినా, తీగలోంచి వెళ్ళిన సన్నటి సిగ్నలు కంటె ఆ కారిందే ఎక్కువవుతుంది. అప్పుడు కొలత మొత్తం అబద్ధం. అందుకని పోతపోసిన దళసరి గోడలు, మూత అంచు పొడుగునా దగ్గరదగ్గరగా మరలు, సందుల్లో లోహపు అల్లిక. మామయ్యగారు ఆ మరలు ఒక్కటి పోయినా ఊరుకునేవారు కాదట.

లక్ష కోట్లవ వంతుకి తగ్గించడం ఎలాగ? మజ్జిగ తీసుకోండి. గ్లాసు మజ్జిగలో పదో వంతు తీసి, మిగతా గ్లాసు నీళ్ళు పోయండి. దాంట్లో మళ్ళీ పదో వంతు తీసి నీళ్ళు పోయండి. అలా పన్నెండుసార్లు చేస్తే లక్ష కోట్లవ వంతు. పెట్టె ముఖాన రెండో చక్రం ఈ లెక్కదే. సున్నా దగ్గర ఒక మిల్లీవాటు. పది దగ్గర పదో వంతు, ఇరవై దగ్గర నూరో వంతు, అలా 127 దాకా. ఈ మెట్లని డెసిబెల్ అంటారు.

మన మజ్జిగలో ప్రతిసారీ చెయ్యి కాస్త అటూ ఇటూ అవుతుంది. పెట్టెలో మాత్రం కాదు. అందులో ఒక చిన్న గుండ్రటి గొట్టం ఉంది. తరంగం నడవడానికి చాలనంత సన్నం. నడవలేదు గాని తొంగి చూస్తుంది, చూసి చచ్చిపోతుంది. లోపలికి పోయే కొద్దీ ప్రతి అంగుళానికీ అదే పాలు తగ్గుతుంది. అందులో సిరంజి పిస్టనులాగ ఒక చిన్న తీగ ఉంగరాన్ని వెనక్కి లాగితే సిగ్నలు లెక్క ప్రకారం తగ్గుతూ వస్తుంది. అంగుళానికి ఎంత తగ్గాలన్నది గొట్టం ఎంత సన్నమన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. కాగితం మీద లెక్క కట్టి చెప్పవచ్చు. అందుకే పెద్ద పెద్ద కొలతల సంస్థలు కూడా ఇలాంటి గొట్టాన్ని ప్రమాణంగా పెట్టుకున్నాయి.

ఇక్కడే మా అమ్మాయీ తాతగారూ వాదించుకున్నారు. క్లిస్ట్రానే ఇందులో నిధి అని దీని అభిప్రాయం. ఆయన ఒప్పుకోలేదు. "క్లిస్ట్రాన్ దీపం వత్తిలాంటిదే తల్లీ, కాలి కాలి పోతుంది, ఇంకోటి పెట్టుకుంటాం. మీటరు ముసలిదవుతుంది, రబ్బరు ఎండిపోతుంది. ఆ గొట్టం మాత్రం నేను పుట్టినప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే" అన్నారు. నాకు ఆయన మాటే సబబుగా తోచింది.

సున్నా దగ్గర మిల్లీవాటు ఉందో లేదో చూసుకోవడం మాత్రం ప్రతిసారీ మనిషి పని. ఒక చిన్న పూస మీద ఆ తరంగాన్ని పడనిచ్చి, అది ఎంత వేడెక్కిందో మీటరులో చూస్తారు. ముల్లు గీత మీదికి వచ్చేదాకా సర్దుకుని, అప్పుడు గాని చక్రాన్ని నమ్మరు. కోమటి కొట్లో త్రాసుకి పాసంగం చూసుకున్నట్టన్నమాట. పాసంగం చూడకుండా తూచినవాడిని మనం ఊరుకుంటామా?

రెండో సాయంత్రం మామయ్యగారు చెప్పిన ఒక సంగతి నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. మా అమ్మగారి పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో మా అమ్మ మేనత్త కుటుంబం మొత్తం పోయింది. నేను అప్పటికి పుట్టలేదు. అయినా మా ఇంట్లో కార్తీకమాసంలో గాలి వీస్తే అమ్మ కిటికీ దగ్గరే నిలబడేది. ఆ ఉప్పెనలో వేల మంది పోయారు.

తుఫాను కళ్ళని దూరాన ఉండగానే చూసే రాడారును మన దేశంలో మొదట పెట్టింది విశాఖపట్నంలో, 1970లో. ఉప్పెన తరువాత కొన్నేళ్ళకి మచిలీపట్నంలోనూ పెట్టారు. అవి పది సెంటీమీటర్ల తరంగాలవి. అంటే మా పెట్టె చక్రం మీద మూడుకి కాస్త ఇటు. రాడారు ఒక అరుపు అరిచి, వాన చినుకుల మీద పడి తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటుంది. అరిచేది లక్షల వాట్లతో, తిరిగొచ్చేది మిల్లీవాటులో కోట్లవ వంతులు. ప్రతిధ్వని ఎంత గట్టిగా ఉందన్నదాన్ని బట్టి వాన ఎంత జోరుగా ఉందో లెక్క కడతారు.

"ఆ చెవికి మెల్లిగా చెవుడొస్తే ఏమవుతుందనుకున్నావు?" అన్నారు మామయ్యగారు. ఒక్కసారిగా పాడైతే ఎవరైనా చూస్తారు. నెలకింత చొప్పున మందగిస్తే తెర మీద బొమ్మ వస్తూనే ఉంటుంది. వాన మాత్రం ఉన్నదానికంటె తక్కువగా కనిపిస్తుంది. చూసేవాడికి అనుమానం రాదు. అందుకని కొన్నాళ్ళకొకసారి సిగ్నల్ జనరేటరు తెచ్చి, తెలిసినంత సిగ్నలు ఆ చెవిలో వేసి, తెర మీద అంతే కనిపిస్తోందా అని సరిచూస్తారు. తేడా ఉంటే లెక్క సవరిస్తారు. రాడారు ఉన్నంత మాత్రాన ఉప్పెన ఆగదు. కబురు పల్లెకి చేరడం, చేరినా జనం కదలడం వేరే సంగతులు, అవీ అంత ముఖ్యమైనవే. అయినా కబురనేది పుట్టవలసింది అక్కడే. మర్నాడు పొద్దున్న పాత సామాన్ల అబ్బాయి వస్తే మళ్ళీ రమ్మని పంపేశాను.

ఇప్పటి ప్రయోగశాలల్లో ఈ పాతవి దాదాపు వాడరు. వీటికి లోపాలు లేకపోలేదు. వేయగానే స్థిరపడవు, అరగంటైనా వేడెక్కాలి. వేడెక్కాక కూడా శ్రుతి నెమ్మదిగా జారుతూ ఉంటుంది. చక్రం మీది అంకెకీ అసలు తరంగానికీ నూటికి ఒకటి దాకా తేడా ఉండవచ్చని తయారుచేసినవాళ్ళే ఒప్పుకున్నారు. ఇప్పటివి స్ఫటికం తాళానికి కట్టుబడి నడుస్తాయి, మీట నొక్కితే ఏ అంకె కావాలంటే ఆ అంకె. బరువూ తక్కువే. లోపల ఏం జరుగుతోందో మాత్రం కంటికి కనిపించదు. మన రాష్ట్రాల ఇంజనీరింగు కాలేజీ ల్యాబుల్లో క్లిస్ట్రాన్ ప్రయోగం ఇంకా ఉండటానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఇక మన ఆడవాళ్ళం తప్పక తెలుసుకోవలసిన మాట ఒకటుంది. ఇది పుస్తకాల్లో చదివింది కాదు, మా ఇంట్లో జరిగింది. నా పెళ్ళయిన కొత్తల్లో మా మరిది ఈ పెట్టెని సరదాగా విప్పాడు. ప్లగ్గు పీకేశాడు, పది నిమిషాలు ఆగాడు కూడా. లోపల చెయ్యి పెట్టగానే కెవ్వుమన్నాడు. చెయ్యి విసిరిన విసురుకి మోచెయ్యి అలమర అద్దానికి తగిలి ఏడు కుట్లు పడ్డాయి. క్లిస్ట్రానుకి వందల వోల్టులు కావాలి. ఆ విద్యుత్తుని లోపల కెపాసిటర్లనే డబ్బాలు దాచుకుంటాయి. ప్లగ్గు పీకినా, కుండలో నీళ్ళలా అది అక్కడే ఉండిపోవచ్చు. మామయ్యగారు ఇంట్లో లేని వేళ చూసి విప్పాడు, ఆ తరువాత ఆయన మూతకి తాళం వేయించారు.

మీ ఇంట్లో సిగ్నల్ జనరేటరు లేకపోవచ్చు. కాని పాడైన మైక్రోవేవ్ వంట పెట్టె ఉందేమో. అందులో కెపాసిటరు వేల వోల్టులు పట్టుకుని ఉండవచ్చు. ఇది ప్రాణాలు తీయగలదు. పాత పెద్ద బొమ్మ గొట్టం టీవీలు కూడా ప్రమాదమే. పిల్లలు సెలవుల్లో స్క్రూడ్రైవరు పట్టుకుని "ఊరికే చూస్తానమ్మా" అంటే ఒప్పుకోకండి. తెలిసినవాళ్ళు కూడా విద్యుత్తును తగిన నిరోధకం గుండా ఖాళీ చేసి, మీటరుతో చూసుకున్నాక గాని చెయ్యి పెట్టరు. అప్పుడు కూడా ఒక్క చెయ్యే, రెండోది వెనక్కి కట్టుకుని. ఇంకో మాట. ఇలాంటి పెట్టె నడిచినా దానికి యాంటెన్నా తగిలించి గాలిలోకి వదలకూడదు, అది చట్టం ఒప్పుకోని పని.

మూడో సాయంత్రం తాతా మనవరాలూ కలిసి, చెయ్యవలసిన జాగ్రత్తలన్నీ చేసి, పెట్టెకి కరెంటు ఇచ్చారు. నేను వంటింటి గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ముందు కాలిన దుమ్ము వాసన వచ్చింది. తరువాత లోపల నుంచి చిన్న నారింజరంగు వెలుగు. ముప్పావుగంటకి మీటరు ముల్లు కదిలింది గాని గీత దాకా రాలేదు. క్లిస్ట్రాన్ నీరసించిందన్నారు మామయ్యగారు. అమ్మాయి తన కాలేజీలో మేడమ్‌గారిని అడిగింది. పెట్టెని ల్యాబుకి తీసుకోవడానికి ఆవిడ సంతోషంగా ఒప్పుకున్నారు, కాలిపోయిన గొట్టమైనా పరవాలేదు, లోపలి గొట్టం చూపించి పాఠం చెప్పుకుంటామన్నారట.

సంక్రాంతి సెలవులవగానే ఆటోలో పంపించాలి. ఈలోగా అటక మీద ఖాళీ అయిన చోట నేను ఆవకాయ జాడీలు పెట్టేసుకున్నాను. పెట్టె ముందు గదిలో బల్ల మీద ఉంది. మామయ్యగారు పొద్దున్నే పేపరు చదవడమయ్యాక దాని ముందు కూర్చుని, మెత్తటి గుడ్డతో రెండో చక్రాన్ని తుడుస్తూ ఉంటారు. కరెంటు లేకపోయినా సున్నా నుంచి 127 దాకా ఒకసారి తిప్పి, మళ్ళీ సున్నాకి తెచ్చి పెడతారు.

సెలవు.